‘డ్రింక్’ చేస్తారా?

పోయిన నెల శీర్షిక చదివి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయి ఇంగ్లీషు పరీక్షలో ‘ఐ హావ్ డ్రాంక్’ అని రాస్తే టీచరు ఎర్ర గీత గీసిందట. ‘డ్రింక్, డ్రాంక్, డ్రంక్, డ్రంకెన్ – ఇన్ని ఎందుకండీ, కాస్త తేల్చి చెప్పండి’ అని అడిగారు.

అబ్బాయి సంగతి సులువు. జర్మన్ స్కూల్లో చదువుతున్నాడు కాబట్టి వాడి దగ్గర తాళం చెవి ఉంది, వాడికే తెలియదు. ట్రింకెన్, ట్రాంక్, గెట్రుంకెన్. డ్రింక్, డ్రాంక్, డ్రంక్. రెండూ ఒక తల్లి బిడ్డలే, అచ్చులు కూడా అదే వరసలో మారతాయి. ‘ఇష్ హాబె గెట్రుంకెన్’ అని వాడు నిద్రలో కూడా తప్పు లేకుండా అంటాడు. అందులో ‘ఉ’ ఉంది కాబట్టి ఇంగ్లీషులోనూ ‘హావ్’ తర్వాత ‘డ్రంక్’ వస్తుందని చెప్పండి, మళ్ళీ మర్చిపోడు.

ఈ మాట మీద రాయాలని నేను పోయిన వేసవి నుంచీ అనుకుంటున్నాను, వాయిదా వేస్తున్నాను. కారణం మా మామయ్యగారు. జరిగింది ఆయనకి. ఆయన్ని అడగకుండా రాయలేను, అడగడానికి నోరు రాలేదు. మొన్న ఫోన్లో మెల్లిగా అడిగితే, “రాయమ్మా, పేరు మాత్రం ఎయ్యబాక” అన్నారు. అందుకని ఇప్పుడు.

మామయ్యగారిది నెల్లూరు జిల్లా, కావలి వైపు. ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పోయిన వేసవిలో అత్తయ్యగారూ ఆయనా మా దగ్గరికి, ఎర్లాంగెన్‌కి, మూడు నెలల కోసం వచ్చారు. జులైలో ఒకరోజు పార్కులో నడుస్తూ కళ్ళు తిరిగి బెంచీ మీద కూలబడ్డారు. మర్నాడు మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడకి ఇంగ్లీషు బాగా వచ్చు. బీపీ చూసింది, నాలుక చాపమంది, చేతి మీద చర్మం పట్టి వదిలి చూసింది. తర్వాత అడిగింది.

“డూ యూ డ్రింక్ ఇనఫ్?”

మామయ్యగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. “నో, డాక్టర్. ఐ డోంట్ డ్రింక్.”

“నాట్ ఇనఫ్?”

“నాట్ ఎట్ ఆల్. నెవర్ ఇన్ మై లైఫ్.”

డాక్టరమ్మ కలం ఆగిపోయింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి జన్మలో ఎన్నడూ తాగలేదంటున్నాడు. ఆవిడ చాలా మెల్లిగా, పసిపిల్లాడికి చెప్పినట్టు, “బట్ యూ మస్ట్ డ్రింక్. టూ లీటర్స్. ఎవ్రీ డే” అంది.

మామయ్యగారు నా వైపు తిరిగారు. “ఏందమ్మా ఈమె, రోజుకి రెండు లీటర్లు తాగమంటా ఉండాదే!”

నాకు నవ్వాగలేదు. సంగతి విడమర్చి చెబితే డాక్టరమ్మ కూడా నవ్వింది, మామయ్యగారూ నవ్వారు. గోడ పక్క కుర్చీలో కూర్చున్న అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. ‘నెవర్ ఇన్ మై లైఫ్’ అన్న మాట దగ్గరే ఆవిడ తల తిప్పుకుని కిటికీలోంచి చూడటం మొదలుపెట్టారు. ఆ ముక్కలకి సరిపడా ఇంగ్లీషు ఆవిడకి వచ్చు.

ఆ సంగతికి వస్తాను. ముందు మాట సంగతి.

‘డ్రింక్’ సకర్మక క్రియ. ఏం తాగుతున్నామో చెప్పాలి: నీళ్ళు, పాలు, కాఫీ. కానీ ఆ ‘ఏం’ చెప్పకుండా వదిలేస్తే ఖాళీ చోట్లోకి ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఏది కూర్చుంటుందన్నది పక్కనున్న చిన్న చిన్న మాటల మీద ఆధారపడి ఉంటుంది. ‘డూ యూ డ్రింక్?’ అంటే మద్యం. ‘డూ యూ డ్రింక్ ఇనఫ్?’ అంటే నీళ్ళు. ఒక్క ‘ఇనఫ్’ తగిలేసరికి సీసా పోయి చెంబు వచ్చింది. మామయ్యగారి చెవి మొదటి మూడు మాటల దగ్గరే ఆగిపోయింది, అంతే. ‘హి డ్రింక్స్’ అంటే తాగుబోతని. ‘హి ఈజ్ డ్రింకింగ్’ అంటే ప్రస్తుతం గ్లాసులో ఏదో ఉంది, అది నిమ్మరసమైనా కావచ్చు. అదే చివర ‘అగైన్’ తగిలిస్తే ఇంట్లోవాళ్ళ గుండె జారుతుంది. ‘ఐ నీడ్ ఎ డ్రింక్’ అన్నవాడికి మంచినీళ్ళిస్తే మొహం అదోలా పెడతాడు. ‘వుడ్ యూ లైక్ సంథింగ్ టు డ్రింక్?’ అని ఇంటావిడ అడిగితే మాత్రం నీళ్ళడిగినా, టీ అడిగినా మర్యాదే. ఇంగ్లీషువాళ్ళు ‘కమ్ ఓవర్ ఫర్ డ్రింక్స్’ అని పిలిస్తే భోజనం ఉండదని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. మధ్యాహ్నం నుంచి కడుపు ఖాళీగా పెట్టుకుని వెళ్ళి, వేరుశనగపప్పులు నమిలి వచ్చాం.

ఇది ఇంగ్లీషు రోగమని నవ్వుకోనక్కర్లేదు. మన ‘తాగు’ ఇంకా మొండిది. ‘ఆయన తాగుతాడు’ అంటే మజ్జిగ అని ఎవరూ అనుకోరు. ‘తాగొచ్చాడు’ అంటే ఇక చెప్పనే అక్కర్లేదు. పైగా మన తాగుడు ద్రవాలతో ఆగదు. ఆర్టీసీ బస్సులో ‘పొగ తాగరాదు’ అని రాసి ఉంటుంది చూడండి, చుట్టా బీడీ కూడా మనకి తాగేవే. ‘తిను’ కథ కూడా ఇలాంటిదే. ఏం తింటాడో చెప్పకుండా ‘ఆ ఆఫీసరు తింటాడు’ అంటే లంచమని అర్థం.

మాట ఇంత బరువెక్కింది కాబట్టి మర్యాదస్తులు దాన్ని ముట్టుకోరు. ‘తీసుకుంటారా?’ అంటారు, ‘వేసుకుంటారా?’ అంటారు. అన్నిటికన్నా నాకు నచ్చేది ‘అలవాటుందా?’ అన్నది. ఏ అలవాటు? చెప్పరు. పెళ్ళిచూపుల్లో ‘మావాడికి ఏ అలవాట్లూ లేవండి’ అంటే, పళ్ళు తోముకునే అలవాటు కూడా లేదా అని అడిగిన మేనత్త ఒకావిడ మా ఇంట్లో ఉండేది. పెళ్ళి ప్రకటనల్లో అయితే ‘టీటోటలర్’ అని ఇంగ్లీషులో వేస్తారు. ఆ మాటలో టీ లేదు. 1833లో ఇంగ్లండులో ప్రెస్టన్ ఊళ్ళో మద్యనిషేధ సభలో ఒకాయన ‘టోటల్’ అన్నమాటని నొక్కి చెబుతూ ముందు ఇంకో ‘టీ’ తగిలించి ‘టీ–టోటల్’ అన్నాడని చెబుతారు. తాగకపోవడమంటే పూర్తిగా, అక్షరం ఒత్తి మరీ తాగకపోవడం అని.

ఇక ‘మందు’. జబ్బుకి వేసుకునేదీ అదే, జబ్బు తెచ్చేదీ అదే. తేడా అంతా బహువచనంలో ఉంది. ‘మందులు వేసుకున్నారా?’ అని కోడలు అడుగుతుంది. ‘మందు వేసుకున్నారా?’ అని అడిగితే గొడవవుతుంది. ఇక్కడ పుట్టిన మా అమ్మాయి ఒకసారి ఫోన్లో తాతయ్యని ఏకవచనంలోనే అడిగింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు నేను అదేదో లైను కట్ అయిందనుకున్నాను.

డాక్టరు దగ్గర్నుంచి తిరిగి వస్తూ బస్ స్టాపులో కూర్చున్నాం. ఎండ మండుతోంది. అత్తయ్యగారు కొంచెం దూరంగా చెట్టు నీడలో నిలబడ్డారు. మామయ్యగారు చేతిలో చీటీ మడుస్తూ, విప్పుతూ, “ఆ డాక్టరమ్మకి అబద్ధం చెప్పినానమ్మా” అన్నారు.

నేను పెళ్ళయి ఆ ఇంట్లోకి వచ్చి ఇరవై రెండేళ్ళు. మామయ్యగారంటే ఉదయం అయిదింటికి లేచి పేపరు చదివే మనిషి. పెళ్ళిళ్ళలో ఎవరైనా తూలుతూ కనిపిస్తే కుర్చీ మార్చుకుని కూర్చునే మనిషి. మా ఆయన కూడా ‘మా నాన్న జన్మలో ముట్టలేదు’ అని ఇక్కడి ఆఫీసు పార్టీల్లో గర్వంగా చెబుతారు. ఆ కథ ఇంట్లో ఎలా మొదలైందో తెలియదు. ఎవరూ కాదనలేదు, అదే నిజమైపోయింది.

తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి, పెద్దలకి చదువు చెప్పడానికి. అత్తయ్యగారు ఇంటర్ చదివిన మనిషి. లాంతరు పెట్టుకుని పాతికమంది కూలి ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పేవారు. అంతకుముందు కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్ళంతా కూడి సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు ఆ రోజుల్లో పేపరు చదివేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ కథే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని వాచకంలో పాఠమై వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని ఆ పాఠం చదివిన ఊళ్ళు 1992లో ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఇది అందరికీ తెలిసిన చరిత్ర.

మామయ్యగారు చెప్పింది ఆ బడిలో ఒక రాత్రి సంగతి. అత్తయ్యగారు ఆ పాఠం చదివించి, పుస్తకం మూసి, సారా వల్ల నష్టాలు చెబుతున్నారట. వెనక వరసలోంచి ఒకామె లేచి అడిగింది: “మావోళ్ళది ప్యాకెట్టు, సారుది సీసా. సీసాకి పాఠం లేదా టీచరమ్మా?”

హెడ్మాస్టరుగారు సారా ముట్టేవారు కాదు. కావలి నుంచి బ్రాందీ సీసా తెప్పించుకుని, తలుపు వేసుకుని, గ్లాసులో పోసుకుని తాగేవారు. పాకెట్టు చింపి తాగితే తాగుబోతు, సీసా మూత తిప్పితే ‘అలవాటు’. ఆ తేడా మీద నిలబడి చాలామంది మర్యాదస్తులు ఆ ఉద్యమానికి చప్పట్లు కొట్టారు. ప్రభుత్వం కూడా ముందు సారానే ఆపింది, సీసా ఇంకో పదిహేను నెలలు నడిచింది.

అత్తయ్యగారు ఆ రాత్రి ఇంటికొచ్చి ఏమీ అనలేదట. లాంతరు గూట్లో పెట్టి, మర్నాటి నుంచి బడికి వెళ్ళడం మానేశారట. మూడు రోజులయ్యాక ఆడవాళ్ళు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డారు, ‘టీచరమ్మ రాలేదేంది సార్’ అని.

“ఆ దినం నుంచి ముట్టలేదమ్మా” అన్నారు మామయ్యగారు. “కానీ నెవర్ అనేది అబద్ధం గదా. డాక్టరుకి అబద్ధం చెప్పకూడదు.”

బస్సు వచ్చింది. నేనేమీ అనలేకపోయాను. అత్తయ్యగారు ముందు ఎక్కి, ఆయనకి కిటికీ పక్క సీటు వదిలి కూర్చున్నారు.

మరి కళ్ళెందుకు తిరిగాయి? నీళ్ళు తాగకే. అసలు కారణం ఇంటికెళ్ళాక బయటపడింది, ఇది ఇక్కడికి తల్లిదండ్రుల్ని రప్పించుకునే ప్రతి ఇంటికీ పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఒకటి, మేం కొన్న నీళ్ళు గ్యాస్ నీళ్ళు. ఆయనకి అది గోలీసోడా, దాహం తీర్చేది కాదు. కొట్లో సీసా మీద ‘క్లాసిక్’ అంటే బాగా గ్యాసు, ‘మీడియమ్’ అంటే కొంచెం, ‘స్టిల్’ అనో ‘నాటూరెల్’ అనో ఉంటే మామూలు నీళ్ళు. రెండు, కుళాయి నీళ్ళు తాగొచ్చని నేను చెప్పినా ఆయన నమ్మలేదు, రైలు బాత్రూములో కుళాయి దగ్గర ‘కైన్ ట్రింక్‌వాసర్’ అన్న బోర్డు చూశారు. అది రైలు ట్యాంకు నీళ్ళ గురించి. ఇంట్లో కుళాయి నీళ్ళు హాయిగా తాగొచ్చు. మూడోది అసలుది. బయటికి వెళితే బాత్రూముకి చాలాచోట్ల చిల్లర ఇవ్వాలి, పైగా ఎక్కడుందో వెతకాలి, కోడల్ని అడగాలి. ఆ మొహమాటానికి పొద్దున ఒక కప్పు కాఫీ తప్ప సాయంత్రం దాకా ఏమీ తాగకుండా తిరిగారు. వేసుకునేది ఒంట్లో నీటిని బయటికి పంపే రకం బీపీ మాత్ర. ఇక పడిపోక ఏం చేస్తారు?

జర్మన్ డాక్టర్లు పెద్దవాళ్ళని చూడగానే అడిగే మొదటి ప్రశ్న ‘ట్రింకెన్ జీ గెనూక్?’ అనే. ఫ్లూ అయినా, తలనొప్పి అయినా ‘ఫీల్ ట్రింకెన్’ అని చెప్పి పంపిస్తారు. అది నీళ్ళ గురించి, మూలికల టీల గురించి. మద్యం గురించైతే ‘ట్రింకెన్ జీ ఆల్కొహోల్?’ అని కర్మతో సహా అడుగుతారు. అంతమాత్రాన జర్మన్‌కి ఈ రోగం లేదని కాదు. ‘ఎర్ ట్రింక్ట్’ అంటే ఇక్కడా తాగుబోతనే. అందుకే ఆఫీసు విందుల్లో ‘ఇష్ ట్రింకె నిష్ట్’ అనేబదులు ‘ఇష్ ట్రింకె కైనెన్ ఆల్కొహోల్’ అనండి. ఇంకా బలవంతం చేసేవాళ్ళకి ‘ఇష్ ముస్ నోఖ్ ఫారెన్’, నేనింకా బండి నడపాలి, అన్నది బ్రహ్మాస్త్రం. దాని మీద ఎవరూ ఎదురు మాట్లాడరు. రక్తంలో హద్దు ఇక్కడ వెయ్యికి 0.5, కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళకీ 21 ఏళ్ళు నిండనివాళ్ళకీ సున్నా. సైకిలు మీద కూడా 1.6 దాటితే నేరం. మన దేశంలో హద్దు ఇంకా తక్కువ, 0.3. హైదరాబాదు పేపర్లలో ‘డ్రంకెన్ డ్రైవ్’ అని రాస్తారు చూడండి, ఉత్తరం రాసిన పాఠకురాలికి మిగిలిన జవాబు అక్కడుంది: నామవాచకం ముందు ‘డ్రంకెన్’, మనిషి గురించి చెబుతూ క్రియ తర్వాత ‘డ్రంక్’. ‘ఎ డ్రంకెన్ డ్రైవర్’, ‘ద డ్రైవర్ వాజ్ డ్రంక్’. ఈ రోజుల్లో ‘డ్రంక్ డ్రైవర్’ కూడా అందరూ అంటున్నారు, తప్పు పట్టేవాళ్ళు తగ్గిపోయారు.

జర్మన్‌లో మనుషుల తాగుడు ‘ట్రింకెన్’, పశువుల తాగుడు ‘జౌఫెన్’. మనిషి ‘జౌఫెన్’ చేశాడంటే ఒళ్ళు తెలియకుండా తాగాడని. పశువుకి నీళ్ళు పెట్టడం ‘ట్రెంకెన్’. ట్రింకెన్ నుంచి ట్రెంకెన్ పుట్టినట్టే ఇంగ్లీషులో డ్రింక్ నుంచి ‘డ్రెంచ్’ పుట్టింది. దాని మొదటి అర్థం తాగించడం. తడిసి ముద్దవడమన్నది తర్వాత వచ్చింది. పశువైద్యులు పశువు నోట్లో మందు పోయడాన్ని ఇప్పటికీ డ్రెంచ్ అనే అంటారు. మనకీ ఆ జంట ఉంది: తాగు, తాపు. తెలంగాణలో ‘పిల్లకు పాలు తాపు’ అంటారు. కోస్తాలో ‘పాలు పట్టు’ అంటాం కానీ ‘తాపు’ ఎంత అందమైన మాటో. ఒక్క హల్లు మార్చి తాగేవాడి నుంచి తాగించే అమ్మ దాకా వచ్చేసింది.

హోటల్లో ఇచ్చే టిప్పు ఇక్కడ ‘ట్రింక్‌గెల్ట్’, తాగుడు డబ్బులు. మన ‘చాయ్ పానీ’కి అన్నయ్య. హోటళ్ళలో నీళ్ళు ఊరికే ఇవ్వరు, బీరు కన్నా నీళ్ళే ఖరీదని వచ్చినవాళ్ళంతా వాపోతారు. నిజానికి మద్యం లేని పానీయం ఒక్కటైనా, ఉన్నవాటిలో అతి చవక మద్యం కన్నా ఎక్కువ ధర ఉండకూడదని ఇక్కడి హోటళ్ళ చట్టంలో ఉంది. దాన్ని ముద్దుగా ‘ఆప్ఫెల్‌జాఫ్ట్ పరగ్రాఫ్’, అంటే ఆపిల్ రసం సెక్షన్ అంటారు. మెనూలో ఆ ఒక్కటి ఏదో వెతికి పట్టుకోవడం మా అమ్మాయి పని.

అమ్మాయంటే గుర్తొచ్చింది. ఇక్కడ బీరూ వైనూ 16 నిండితే కొనుక్కోవచ్చు, తాగొచ్చు. ఘాటు మద్యానికి 18. కన్నవాళ్ళు పక్కనుంటే 14కే బీరు అన్న వెసులుబాటు ఒకటి ఉంది, దాన్ని తీసెయ్యాలన్న చర్చ కూడా చాలా రోజులుగా ఉంది. మా అమ్మాయికి వచ్చే ఏడు పదహారు. ‘తాతయ్య జన్మలో ముట్టలేదు’ అన్నది దాని ముందు మేం ఎన్నిసార్లు ప్రయోగించామో లెక్కలేదు. ఇకమీదట ప్రయోగించలేం. నిజం చెప్పనా, నాకు కొంచెం తేలికగానే ఉంది. ముట్టని తాతయ్య దానికి గోడ మీది ఫోటో. తాగి మానేసిన తాతయ్యని అది ప్రశ్నలు అడుగుతోంది. ఫోన్లో ఆయన జవాబులూ చెబుతున్నారు, నన్ను గదిలోంచి వెళ్ళమని.

మూడు వారాల తర్వాత మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మామయ్యగారు దారిలో పెదాలు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటున్నారు. గదిలోకి వెళ్ళి కూర్చోగానే, ఆవిడ అడక్కుండానే, “ఇష్ ట్రింకె త్స్వై లీటర్ వాసర్” అన్నారు, స్కూల్లో ఇన్‌స్పెక్టరు ముందు పాఠం అప్పజెప్పినట్టు. ఆవిడ చప్పట్లు కొట్టింది. బీపీ చూసింది, బాగుందంది. తర్వాత కంప్యూటరులో ఫారం తెరిచి, పోయినసారి నింపని గడి దగ్గర ఆగి అడిగింది, “ఉంట్ ఆల్కొహోల్?”

మామయ్యగారు ఒకసారి అత్తయ్యగారి వైపు చూశారు. “నాట్ సిన్స్ 1992” అన్నారు.

“తొంభై మూడు,” అన్నారు అత్తయ్యగారు, కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే.

డాక్టరమ్మ వేళ్ళు ఆగి నా వైపు చూసింది. నేను మామయ్యగారి వైపు చూశాను. ఆయన కాసేపు నేల చూసి, తల ఊపారు.

1993 అని రాయమన్నాను.